పాత మిద్దెతోట వ్యాసాలకు కొత్త చెవులు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి వారం

2008 నుంచి 2014 దాకా మిద్దెతోట మీద రాసిన వ్యాసాలు నా సైటులో ఓ మూల పడి ఉన్నాయి. అప్పట్లో వాటిని చదివినవాళ్లు చాలామటుకు ఆఫీసు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లే. భోజనాలయ్యాక ఓ పది నిమిషాలు తెలుగులో ఏదైనా చదువుదామని వచ్చేవారు. నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చూపించే గూగుల్ రీడర్‌లో కొత్త వ్యాసం కనిపిస్తే నొక్కేవారు, కింద తమ ఇంటి మొక్కల కబుర్లు రాసేవారు. 2013 జులైలో రీడర్ మూతపడింది, జనం ఫేస్‌బుక్‌కి తరలిపోయారు, నాకూ రాసే తీరిక పోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పల్లెల్లో కూడా చేతికో ఇంటర్నెట్ ఫోను వచ్చింది గానీ, అలా కొత్తగా వచ్చినవాళ్లు నా వ్యాసాల వైపు తొంగిచూడలేదు. నేరుగా వాట్సాప్‌కీ యూట్యూబ్‌కీ వెళ్లారు.

ఈ ప్రాజెక్టు వాళ్ల కోసం. చెప్పుకోవడానికి తేలికైన పనే: ఉన్న వ్యాసాలను విడగొట్టి వినేవిగా, చూసేవిగా, చేతిలో పట్టుకునే కరపత్రాలుగా మార్చడం. ముగ్గురు మనుషుల్ని మనసులో పెట్టుకున్నాను. ఒకరు ఖమ్మం దగ్గర పల్లెలో ఉండే మా ఆడపడుచు, ఆమెతో పాటు ఆమె పొదుపు సంఘం వాళ్లు. ఇంకొకరు డాలస్‌లో పెరటి గోంగూర పెంచుకునే నా స్నేహితురాలు. మూడో మనిషి హైదరాబాద్ అపార్ట్‌మెంటు బాల్కనీలో రెండు గ్రోబ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు) పెట్టుకుని, ఆకు ముడుచుకుంటే ఫోన్‌లో వెతుక్కునే ఎవరో. ఆ ముఖం నాకు తెలియదు. వాళ్ల ప్రశ్నలు మాత్రం, జనం ఏం వెతుకుతూ నా సైటుకి వచ్చారో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కనిపిస్తాయి.

సెర్చ్ కన్సోల్ వెనక్కి 16 నెలల దాకా లెక్క చూపిస్తుంది. ఆ జాబితా ముందేసుకుని ఓ పూటంతా కూర్చున్నాను. నా శీర్షికలేమో "రసం పీల్చు పురుగుల యాజమాన్యం", "సూక్ష్మపోషక లోపాలు". జనం అడిగేదేమో "మిరప ఆకు ముడత ఎందుకు", "టమాటా పూత రాలిపోతోంది", "బీర పిందె పసుపు రంగుకి తిరిగి రాలుతోంది". పురుగు పేరు తెలిసినవాళ్లకు నా అవసరం ఎందుకు? తెలియనివాళ్లు కంటికి కనిపించేదే అడుగుతారు. కాబట్టి కొత్త రూపంలో ఏదీ పురుగు పేరుతో మొదలవదు, ఆకు మీద కనబడేదానితోనే మొదలవుతుంది. సొరకాయ, ఆనపకాయ లాంటి చోట రెండు పేర్లూ శీర్షికలోనే పెట్టేస్తాను, ఏ జిల్లావాళ్లు వెతికినా దొరికేలా.

ఏప్రిల్, చివరి వారం

సైటులో ఉన్నవి ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోనే ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. తలనొప్పంతా అంతకుముందు ఒక మాసపత్రికకు రాసిన శీర్షికతో వచ్చింది. అవి పేజ్‌మేకర్‌లో అను అనే పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసినవి. ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కన్వర్టర్లు దొరుకుతాయి, పని చాలావరకు చేసిపెడతాయి. ఒత్తులు మాత్రం పక్కకు జరుగుతాయి. "పర్యావరణం" కాస్తా "పరా్యవరణం" అవుతుంది. ఇలాంటివి చదువుతుంటే కంట్లో పడతాయి, సరిచేయవచ్చు. భయమంతా అంకెల దగ్గరే. ఒకచోట 0.5లో చుక్క ఎగిరిపోయి 05 అయింది. అక్షరం పోతే చదివేవాళ్లు సర్దుకుంటారు, చుక్క పోతే మోతాదు పదింతలవుతుంది. అందుకే కన్వర్టర్‌లోంచి వచ్చిన ప్రతి అంకెనూ అచ్చయిన పత్రిక పక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఎవరికీ అప్పగించలేను.

ఆ పత్రికలో వచ్చినవాటి మీద హక్కు ఎవరిది అని ఒకరిద్దరు అడిగారు. నేను జీతానికి పనిచేసినదాన్ని కాదు, బయటి నుంచి రాసినదాన్ని. అలాంటప్పుడు రాతపూర్వకంగా హక్కు బదిలీ చేస్తే తప్ప కాపీరైటు రాసినవాళ్లదే. బదిలీ చేసినా, అందులో గడువు రాయకపోతే 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల గడువుగానే లెక్క. నా దగ్గర ఏ ఒప్పందమూ లేదు, గడువు ఉన్నా ఎప్పుడో దాటిపోయింది. ధైర్యంగా వాడుకోవచ్చు.

పాఠకులు కింద రాసిన కబుర్ల సంగతి వేరు. అవి వాళ్లవి. కొన్ని నా వ్యాసం కన్నా బాగున్నాయి. దొరికిన చిరునామాలకు మెయిళ్లు పెట్టాను, చాలావరకు తిరిగొచ్చాయి. జవాబిచ్చినవాళ్ల మాటలు వాళ్ల మాటలుగానే వాడుకుంటాను. దొరకనివాళ్ల వాక్యాలు ఎత్తను. వాళ్లు చెప్పిన చిట్కాను మా డాబా మీద చేసి చూసి, పనిచేస్తే "ఓ పాత పాఠకురాలు చెప్పింది" అని నా మాటల్లో చెబుతాను.

మే, మొదటి పక్షం

వ్యాసాలను మూడు కుప్పలు చేశాను: ఉన్నవున్నట్టు వాడుకోదగ్గవి, సరిచేసి వాడుకోవాల్సినవి, అసలు వాడకూడనివి.

మూడో కుప్పలో ఎక్కువ భాగం పురుగుమందుల ప్రస్తావన ఉన్నవే. 2010 నాటి చర్చల్లో ఎండోసల్ఫాన్, డైక్లోరోవాస్ పేర్లు మామూలుగా వచ్చేవి. అప్పుడు ఏ దుకాణంలోనైనా దొరికేవి మరి. ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపేసింది. డైక్లోరోవాస్, ఫోరేట్, ట్రయజోఫాస్ లాంటివి 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఈ పేజీలను తీసేద్దామా అనుకున్నాను గానీ, సెర్చ్ ఇప్పటికీ మనుషుల్ని అక్కడికి తెస్తోంది. పేజీ లేకపోతే వాళ్లు మరో చోట అదే పాత సలహా చదువుతారు. అందుకని పేజీని ఉంచి, మొట్టమొదటే ఎర్రటి గడిలో "ఈ మందు ఇప్పుడు నిషేధం, వాడొద్దు" అని రాసి, కింద ఇప్పటి పద్ధతికి దారి చూపించాను. పేజీ చిరునామా మార్చలేదు. ఇన్నేళ్లుగా సెర్చ్‌కి అలవాటైన చిరునామాను పారేసుకోవడం తెలివైన పని కాదు. ప్రతి పేజీ తలమీద "మొదట రాసింది ఫలానా ఏడు, సరిచూసింది ఫలానా నెల" అని రెండు తేదీలు పెడుతున్నాను.

రెండో కుప్పలో అసలు మజా ఉంది. వ్యాసం రాసేనాటికి లేని శత్రువులు తర్వాత వచ్చాయి. కొబ్బరి, జామ, అరటి ఆకుల కింద తెల్లటి మైనంతో చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టే సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులో కనబడింది, అక్కడి నుంచి గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు పాకింది. నా 2011 వ్యాసంలో తెల్లదోమ అంటే బెండ, వంగ మీద వాలే చిన్నదే.

మిరప సంగతి చూడండి. పాత వ్యాసంలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని రాశాను. అది ఇప్పటికీ నిజమే. కానీ 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప చేలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దూరుతుంది. ఆకు మాత్రమే చూసేవాళ్లకు అది దొరకదు. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి చూడాలి, నల్లటి సన్నటి గీతల్లాంటివి పాకుతూ కనిపిస్తాయి. ఈ ఒక్క ముక్క చేర్చడానికి పాత వ్యాసం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది, ఎందుకంటే పరీక్ష ఆకు దగ్గర కాకుండా పువ్వు దగ్గర మొదలవ్వాలి.

పాత సరుకును మళ్లీ వాడటం అంటే కాపీ చేసి అతికించడం అనుకునేవాళ్లకు ఈ నెల పని చూపించాలి. రూపం మార్చే పనిలో ఇంకా చెయ్యి పెట్టనే లేదు.

మే, చివరి వారం

మా అక్క కొడుకు వీడియోలు ఎడిట్ చేస్తాడు. డాబా మీద ఇటుకలతో మడి కట్టే వ్యాసాన్ని ఒక నిమిషానికి కత్తిరించి తెచ్చాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఇటుకలు పేర్చడం, షీటు పరచడం, మట్టి పోయడం, చివర్లో పచ్చటి తోటకూర.

"బరువు సంగతేదిరా?"

"అది నాలుగో భాగంలో ఉంది పిన్నీ. ఇది మొదటి భాగం కదా."

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వరుసగా చదివే పాఠకుడికి నాలుగో భాగంలో చెప్పినా చాలు. నిమిషం వీడియో చూసేవాడు నాలుగో భాగానికి రాడు, ఆ సాయంత్రమే ఇటుకలు తెచ్చుకుంటాడు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు భవనాల మీద పడే భారాలకు సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల భారం లెక్కలోకి తీసుకుంటారు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుంది. అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు. డాబా అంతా పరిస్తే ఇక చెప్పేదేముంది. బరువును స్తంభాల మీదుగా, దూలాల వెంట సర్దుకోవాలి, మట్టిలో సగానికి సగం కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపి తేలిక చేసుకోవాలి, పెద్ద మడులు కట్టాలంటే ఇంజనీరుకు చూపించాలి. ఇవన్నీ వ్యాసంలో ఉన్నాయి. కత్తెర పడ్డప్పుడు మొదట ఎగిరిపోయింది ఇవే.

ఆ తర్వాత మిగతా ముక్కలన్నీ తిరగేశాం. ప్రతిదాంట్లో ఇదే వరస. వ్యాసం నుంచి ముక్క కోస్తే మూడు విషయాలు జారిపోతున్నాయి: ఏ ఊరికి, ఏ నెలకి, ఏం జాగ్రత్త. వ్యాసంలో ఇవి చుట్టుపక్కల ఎక్కడో ఉండేవి. పేజీ పైన తేదీ ఉండేది, నేను హైదరాబాద్‌లో ఉంటానని పాఠకులందరికీ తెలిసేది. విడిగా తిరిగే ముక్కకు ఆ చుట్టుపక్కల ఉండవు. కాబట్టి నియమం పెట్టుకున్నాం. ఊరు, నెల, జాగ్రత్త ముక్క లోపలే ఉండాలి, అదీ మొదటి సగంలోనే. పట్టకపోతే ఆ ముక్క వీడియోకి పనికిరాదు. ఇటుక మడిని వీడియోల జాబితా నుంచి తీసేశాం. దాని బదులు గ్రోబ్యాగులను గోడ వెంబడి, దూలం మీద ఎలా పెట్టాలో చేస్తున్నాం. వాడికి కొంచెం కోపం వచ్చింది. ఆ తోటకూర షాటు నిజంగానే బాగుంది పాపం.

జూన్, మృగశిర కార్తె

వర్షాలు మొదలయ్యేలోపు ఆడియోలు తయారవ్వాలని హడావిడి. ముందు కంప్యూటర్ గొంతుతో చదివించి చూశాం. ఉచ్చారణ పర్వాలేదు గానీ "మి.లీ." లాంటి సంక్షిప్తాల దగ్గర తడబడింది. పైగా కంప్యూటర్ చదివినా నేను చదివినా రాతలో ఉన్న వాక్యం చెవికి ఎక్కదు. పేనుబంక గురించి 2009లో రాసిన వాక్యం ఇది:

"పేనుబంక ఉధృతి అధికంగా ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్దిపాటి సబ్బు ద్రావణంతో కలిపి సాయంత్రం వేళ ఆకుల అడుగుభాగం పూర్తిగా తడిసేలా పిచికారీ చేయాలి."

కంటితో చదివితే బాగానే ఉంది. వింటే, "పిచికారీ" దగ్గరికి వచ్చేసరికి 5 మి.లీ. మర్చిపోతాం. వెనక్కి వెళ్లి చూసుకోవడానికి లేదు. తిరగరాసింది ఇలా ఉంది:

"చిక్కుడు కొస ఒకటి పట్టుకుని తిప్పి చూడండి. నల్లగా గుంపు కట్టి ఉన్నాయా? అది పేనుబంక. ముందు మందు జోలికి పోకండి, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, సగం పోతాయి. రెండ్రోజులాగి మళ్లీ చూడండి. ఇంకా ఉంటే అప్పుడు వేపనూనె. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్లు. మళ్లీ చెప్తున్నా, లీటరుకి అయిదు. ముందు ఒక్క కొమ్మకే కొట్టి, మర్నాడు ఆకు మాడలేదంటే మిగతా మొక్కకి కొట్టండి. ఎండలో కొట్టొద్దు, పొద్దు వాలాక కొట్టండి."

మూడింతలు పొడుగైంది. కానివ్వండి. చెవికి అంత చోటు కావాలి.

ఖమ్మం పంపాను. మా ఆడపడుచు సాయంత్రం సంఘం వాళ్లు చేరినప్పుడు స్పీకర్ పెట్టి వినిపించి, ఫోన్ చేసింది.

"వదినా, అంతా బానే ఉంది గానీ, అయిదు మిల్లీలీటర్లు మేం దేంతో కొలవాలి?"

నిజమే కదా. ఆఫీసు కంప్యూటర్ల కాలంలో ఎవరూ అడగలేదు, వాళ్ల ఇళ్లలో కొలత చెంచాలుండేవేమో. దగ్గు మందు సీసా మూతకు 5 అని గీత ఉంటుంది, దాంతో కొలవమన్నాను. "ఆ మూత మళ్లీ పిల్లల మందుకు వాడరు కదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ హెచ్చరిక కూడా ఆడియోలో చేరింది, వేరే పాత మూత ఒకటి తోట సామాన్లలో పడేసి ఉంచుకోండి అని. సబ్బు ద్రావణం బదులు కుంకుడు రసం వాడమని చెప్పింది కూడా వాళ్లే. కుంకుడు రసాన్ని ముందు వేపనూనెలో కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. నీళ్లలో నేరుగా నూనె పోస్తే పైన తేలుతుంది.

రికార్డింగుకి బీరువా ఉన్న గది, రెండు బొంతలు, ఫ్యాన్ బంద్. ఎంపీ3, మోనో, 64 కేబీపీఎస్. నిమిషానికి అర ఎంబీ కూడా కాదు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో కూడా దిగుతుంది. పక్కింటి కుక్కర్ విజిల్ ఒక ఆడియోలో వినిపిస్తుంది. అలాగే ఉంచేశాను.

జూన్, చివర

పంపే దారి కుదుర్చుకోవడం ఒక ప్రత్యేక విద్య. వాట్సాప్‌లో ఐదు చేతులు దాటిన సందేశానికి రెండు బాణాల గుర్తు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. పుకార్లను ఆపడానికి పెట్టిన కట్టడి ఇది, మంచిదే, మన వేపనూనె కబురుకీ అదే వర్తిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామంటే 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. గ్రూపు పెడితే ఆడవాళ్ల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, గుడ్ మార్నింగుల గొడవ మొదలవుతుంది. చివరికి ఛానెల్ పెట్టాం. 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చింది ఈ సదుపాయం. చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఎవరికి ఫార్వర్డ్ చేయాలన్నా ఛానెల్‌లోంచే కొత్తగా పంపుకోవచ్చు.

ఫార్వర్డ్ అయిన ఆడియోకు మొదట పంపిన తేదీ ఉండదని తెలిశాక, ఊరు, నెల లోపలే ఉండాలన్న నియమం ఇంకా గట్టిపడింది. ప్రతి ఆడియో "ఇది మిద్దెతోట కబురు, జూన్ నెలది, తెలంగాణ, ఆంధ్ర వాళ్లకు" అని మొదలవుతుంది. వచ్చే ఏడు జనవరిలో ఎవరికో చేరినా, ఇది జూన్ మాట అని తెలుస్తుంది.

జులై

డాలస్ స్నేహితురాలికి మృగశిర కార్తె ఆడియో పంపితే నవ్వింది. "మీ మృగశిరకి మా బెండ కాపుకొస్తుందే. నువ్వు విత్తమంటున్నావు."

ఆమె మాటలతోనే ఆ వ్యాసానికి రెండో రూపం మొదలైంది. మనకు వాన ఎప్పుడొస్తుందో దాన్ని బట్టి విత్తుతాం, వాళ్లకు మంచు ఎప్పుడు ఆగుతుందో దాన్ని బట్టి. డాలస్‌లో మార్చి మధ్యకు మంచు భయం చాలావరకు తీరుతుంది. న్యూజెర్సీలో ఏప్రిల్ చివర, మే మొదటి దాకా ఆగాలి. మంచు ఆగినా నేల వెచ్చబడేదాకా బెండ, గోంగూర మొలవవు, మొలిచినా మొండికేస్తాయి. గోంగూరకు ఇంకో తిరకాసు ఉంది. పగటి పొద్దు తగ్గుతుంటే అది ఆకు వేయడం మానేసి పూతకు వస్తుంది. అందుకని అక్కడ ఆలస్యంగా వేస్తే మొక్క ఎదగకుండానే పూత చూడాల్సి వస్తుంది. వేసవి పొడుగు పగళ్లలో కోసుకున్నంత కోసుకోవాలి. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకైతే రుతువులే తలకిందులు, ఇవే విత్తనాలు అక్టోబరు దాటాక వేసుకోవాలి. కాబట్టి ఒక్క గోంగూర వ్యాసానికి మూడు ఆడియోలు, మూడు వేర్వేరు నెలల్లో విడుదల. వ్యాసంలో ఉమ్మడిగా మిగిలింది కోత పద్ధతి, పచ్చడి ఊసు మాత్రమే.

కరివేపాకు దగ్గర మాత్రం ఆగిపోయాను. పాత వ్యాసం కింద ఒక పాఠకుడు, ఊరి నుంచి విత్తనాలు పర్సులో వేసుకెళ్లమని సలహా రాశాడు, దానికి వరసగా మెచ్చుకోళ్లు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది. అందుకే అమెరికా మన దేశం నుంచి వచ్చే కరివేపాకును సామాన్లలో రానివ్వదు. అక్కడి రాష్ట్రాల మధ్య మొక్కలు పంపడానికి కూడా ఆంక్షలున్నాయి, ముఖ్యంగా ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో. ఆస్ట్రేలియా విమానాశ్రయంలో విత్తనాల విషయం చెప్పకుండా దాటబోతే జరిమానా తప్పదు. వ్యాసం ఇక్కడివాళ్ల కోసం రాసింది. విదేశీ రూపానికి ఆ సలహాను తీసేసి, వాళ్లున్న రాష్ట్రంలోనే అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కోమని కొత్త స్క్రిప్టు రాస్తున్నాను.

ఆగస్టు

వీడియోల నెల. 2009 నాటి నా ఫోటోలు 640×480 సైజువి. నిలువు వీడియోకి 1080×1920 కావాలి, సాగదీస్తే పేనుబంక ఏదో దుమ్ము ఏదో తెలియడం లేదు. అన్నీ మళ్లీ తీయాల్సిందే. మళ్లీ తీయాలంటే తెగులు మళ్లీ రావాలి! ఇంట్లో పురుగు కనబడితే ఇంత సంతోషించే మనిషిని మావాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆగిపోయాక ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. 2024 అక్టోబరు నుంచి ఒక నిమిషం బదులు మూడు నిమిషాల దాకా పెట్టుకోనిస్తున్నారు. ఆ రెండు నిమిషాల అదనపు చోటే మాకు జాగ్రత్తలు చెప్పుకోవడానికి ఊపిరినిచ్చింది. అయినా మా అక్క కొడుకు వదలడు. "పిన్నీ, మొదటి మూడు సెకన్లలో ఆకు కనబడాలి. నీ నమస్కారం కాదు." సరే, నమస్కారం చివరికి పోయింది.

బాగా కుదిరింది బీర పిందె వీడియో. పిందె పసుపు రంగుకు తిరిగి రాలడానికి మిద్దెల మీద ఎక్కువసార్లు కారణం పరాగం అందకపోవడం. పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తాయి. చేత్తో పరాగం అద్దాలని 2012లో నేనూ రాశాను, అందరూ రాశారు. ఎప్పుడు అద్దాలో చెప్పింది మాత్రం ఒక పాత పాఠకురాలు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్నే కాఫీ తాగి డాబా ఎక్కి బీర పువ్వు మీద పుప్పొడి అద్దితే ఏం లాభం, దాని వేళ ముందు రోజు సాయంత్రమే అయిపోయింది. వారం పాటు సాయంత్రాలు కెమెరా పెట్టుకుని కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా మొగ్గ కొస వదులై, పసుపు రేకులు విప్పుకోవడం చక్కగా వచ్చింది. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, వెనకాల బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దడం, నాలుగు రోజుల తర్వాత పిందె పచ్చగా సాగడం, అంతే వీడియో. మాట తక్కువ, తెర మీద అక్షరాలు ఎక్కువ, శబ్దం ఆపేసి చూసేవాళ్ల కోసం.

కరపత్రాల పని కూడా ఇదే నెల ముగించాం. ఏ4 కాగితం మూడు మడతలు, మండలి అనే తెలుగు ఫాంటు. ఫోటోలు పెట్టలేదు. జిరాక్సు షాపులో ఫోటో మసిబొగ్గు అవుతుంది. ఎదురింటి అమ్మాయి గీసిన గీతల బొమ్మలైతే పదో కాపీలో కూడా ఆకు ఆకులాగే ఉంటుంది.

సెప్టెంబరు

వచ్చిన స్పందనను చూసే పద్ధతి మార్చుకున్నాను. వ్యూస్ లెక్క మా అక్క కొడుకు చూసుకుంటాడు. నేను చూసేది, ఎవరైనా తమ మొక్క ఫోటో తీసి పంపారా, పంపితే ప్రశ్న ఏంటి అని. మళ్లీ అదే ప్రశ్న వస్తుంటే ఆ ముక్కలో ఏదో చెప్పకుండా వదిలేశామని అర్థం. బీర వీడియోకు ఇప్పటిదాకా ఎక్కువగా వచ్చిన ప్రశ్న "మగపువ్వులే వస్తున్నాయి, ఆడపువ్వు లేదు" అని. తీగ మొదట్లో మగపువ్వులే వేస్తుంది, కొన్నాళ్లు ఆగాలి. ఈ మాట పాత వ్యాసంలో రెండో పేరాలోనే ఉంది. వీడియో రెండో కూర్పులో మొదటికి తెచ్చాం.

ఖమ్మం నుంచి వచ్చిన ఫోటోలు మాత్రం నన్ను ఇరకాటంలో పెట్టాయి. అవి పెరటి మిరప మొక్కలవి కావు, ఎకరాల చేలవి. మిద్దెతోట ఆడియో చేలోకి వెళ్లిపోయింది. పువ్వు దులిపి చూసే పరీక్ష చేలోనూ పనిచేస్తుంది, నీలిరంగు జిగురు అట్టలూ పనిచేస్తాయి. కానీ కుండీకి చెప్పిన మోతాదును ఎకరానికి లెక్కగట్టుకుంటే నేను బాధ్యత తీసుకోలేను. మా ఆడపడుచుతో అదే చెప్పాను. "మరి ఎవర్నడగాలి వదినా?" అంది. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి సంఘం తరఫున ఇద్దరు వెళ్లి, పువ్వులు కవర్లో వేసుకుని చూపించి రమ్మన్నాను. మిరప ఆడియో తల మార్చి మళ్లీ రికార్డు చేస్తున్నాం: "ఇది కుండీల్లో, పెరట్లో మిరపకు మాత్రమే. చేలో మిరపకు ఈ మోతాదులు వాడకండి, కేవీకే వాళ్లను అడగండి."

ఇప్పటికి రసం పీల్చే పురుగులు, తీగజాతి కూరగాయలు, ఆకుకూరలు అయ్యాయి. ఎరువుల వ్యాసాలు కుప్పలోనే ఉన్నాయి. జీవామృతం పాళ్లు 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి. మూడో అంతస్తు బాల్కనీలో ఆ డ్రమ్ము పెట్టుకోలేరు కదా, బకెట్టు లెక్కకు దించాలి, వాసన గురించి పక్క ఫ్లాటువాళ్లతో పడే గొడవ సంగతీ చెప్పాలి. మెల్‌బోర్న్ గోంగూర అక్టోబరులో, కరివేపాకు విదేశీ స్క్రిప్టు దాని తర్వాత. మిరప ఆడియో ఈ శనివారం. మంచి మైకు తెస్తానన్నాడు మావాడు. తేకపోతే ఫోనుతోనే కానిచ్చేస్తాం.